గాబూరీ వంశస్థుల సంఘంవారి తీర్మానాలు

క్యుబెక్‌లో మా చోడియేర్ నది తూర్పు గట్టున వర్ధిల్లుతున్న గాబూరీ వంశస్థుల సంఘంవారు తమ మూలపురుషుడికి రాతి స్తంభం నిలబెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఏకగ్రీవమంటే, అధ్యక్షులు ఓవిలా గాబూరీగారు చెయ్యెత్తారు, తక్కినవాళ్ళు చలికి జేబుల్లోంచి చేతులు తియ్యలేదు. ఆ మూలపురుషుడెవరో తేల్చే భారం నామీద పడింది. వంశవృక్షాలు గీయడం నా వృత్తి. మాకు మంచు ఆర్నెల్లు. ఊరికే ఇంట్లో కూర్చోలేక జనం చచ్చినవాళ్ళను వెతుక్కుంటారు.

ఓవిలాగారికి ఒక్కతే మనవరాలు, మయ్లిస్. కూతురు పోతే తన ఇంటిపేరు పెట్టి ఆయనే పెంచాడు. ఆ పిల్ల ఎలోయ్ లాతులిప్ అనే కుర్రాణ్ణి చేసుకుంటానంది. చర్చిలోకి తాత చెయ్యి పట్టుకునే నడుస్తానని, తాత రాకపోతే అసలు పెళ్ళే వద్దని కూడా అంది. అదీ చిక్కు. లాతులిప్‌లు పడమటి గట్టువాళ్ళు. వాళ్ళు మేపుల్ చెట్టు రసం కాచి పాకం పలచగా దించేస్తారనీ, ప్రార్థనలో కావాలని దగ్గుతారనీ గాబూరీల్లో పసిపిల్లలక్కూడా తెలుసు.

"గాబూరీ పిల్ల లాతులిప్ అయిపోవడమా? నా కంఠంలో ప్రాణం ఉండగా జరగదు!" అన్నాడు ఓవిలా.

"పెళ్ళయినా ఆడపిల్ల ఇంటిపేరు మారకూడదని మన క్యుబెక్‌లో చట్టం ఉంది తాతా. నేను పుట్టకముందునుంచీ ఉంది."

"మరి పిల్లలకో?"

"రెండు పేర్లూ పెడతాం."

"ఆ రెండోదాని గురించే నా ఏడుపు!"

ఇంతలో నా పరిశోధన పూర్తయింది. సర్వసభ్య సమావేశంలో, బఠాణీ సూపు వడ్డిస్తుండగా, నివేదిక సమర్పించాను. మూలపురుషుడు ఫ్రాన్స్ నుంచి వచ్చిన సిపాయి. ఆ కాలంలో సైన్యంలో చేరినవాడికి ఇంటిపేరు పక్కన ఒక మారుపేరు తగిలించేవారు. టోపీలో తులిప్ పువ్వు పెట్టుకునేవాడు గనక ఈయన్ని గాబూరీ అనీ, లాతులిప్ అనీ రెండు విధాలా పిలిచారు. పెద్దకొడుకు మొదటి పేరు ఉంచుకున్నాడు. చిన్నవాడు రెండోది పట్టుకుని నది దాటాడు.

చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఓవిలాగారు మెల్లగా లేచారు.

"అయితే వాళ్ళూ మనవాళ్ళేనా?"

"చిత్తం."

"ఒకే రక్తమా?"

"సందేహం లేదు."

"మరింకేం, ఈ పెళ్ళి అసలు కుదరదు! అన్నాచెల్లెళ్ళ వరస! ఛీ ఛీ!"

సభ చప్పట్లు కొట్టింది. కారణం తలకిందులైనా నిర్ణయం చెక్కుచెదరకపోవడం ఎంతటి నాయకత్వం!

మయ్లిస్‌కి ఏడుపొచ్చింది. "నిన్న మనవాళ్ళు కారని వద్దన్నావు. ఇవాళ మనవాళ్ళేనని వద్దంటున్నావు. ఇంక నేనెవర్ని చేసుకోను తాతా, ఆ రాతి స్తంభాన్నా?" కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగింది. "మా అమ్మమ్మ సంగతేమిటండీ? ఆవిడెవరు?"

అడిగాక దాచడం వృత్తిధర్మం కాదు. కీర్తిశేషురాలు లొరెంజాగారు ఆ సిపాయికి మూడు దారుల్లో వారసురాలు. ఆ మాటకొస్తే, ఈ హాల్లో ఆయన సంతానం కానిది సూపు గిన్నె ఒక్కటే.

"తెలిసుంటే అమ్మమ్మని వదిలేసేవాడివా?" అంది మయ్లిస్.

"లొరెంజానా? చచ్చినా వదిలేవాణ్ణి కాదే పిచ్చిదానా," అని ఓవిలా రుమాలుతో ముక్కు చీదుకున్నాడు. ఆయన వెంటనే అధ్యక్షుడిలా నిలబడి, తప్పిపోయిన శాఖ తిరిగొచ్చినందుకు సంఘం హర్షిస్తోందని ప్రకటించాడు. అదీ ఏకగ్రీవమే.

జూలైలో పెళ్ళయింది. మనవరాలి చెయ్యి పట్టుకుని ఆయనే నడిపించాడు. భోజనాల దగ్గర కొత్త పెళ్ళికొడుకు భుజం మీద చెయ్యేసి, "మనమంతా ఒకటేరా!" అని మూడు బల్లలకి వినపడేలా అరిచాడు. తర్వాత నన్ను పక్కకి పిలిచాడు.

"ఏమయ్యా, వంతెన దగ్గర థెరియోలున్నారు చూడు. వాళ్ళ చిన్నది మా తమ్ముడి మనవడి వెంట పడుతోంది. వాళ్ళు మాత్రం మనవాళ్ళు కారని తేల్చిపెట్టు."

ఒప్పుకున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగంమంది పని ఇదే. మీరూ మొహమాటపడకండి. ఇంటిపేరు చెప్పండి చాలు, ఎవరెవరు మీవాళ్ళు కారో మీరు కోరినట్టే తేల్చిపెడతాను.