అత్తగారి పలకరింపు

ఏడాదికోసారి చనిపోయినవాళ్లు ఇంటికొచ్చే పండగ రోజు కనుక ఎలోదియా పొద్దున్నే లేచి బంతిపూలు పరిచింది. అత్తగారి పటం ముందు తీపి రొట్టె, వేడి చాక్లెట్ పెట్టి కొవ్వొత్తి వెలిగించింది. ఆ ఉదయం ఒహాకా ఊళ్లో ఏ ఇంట్లో చూసినా అదే పని. ఎలోదియా మనసులో మాత్రం ఇంకో పని కూడా ఉంది.

అత్తగారు దోన్యా హసింతా బతికున్నన్నాళ్లూ కోడలిని ‘మీరు’ అనే పిలిచింది. అది మర్యాద కాదు, గడప అవతల నిలబెట్టడం. అక్కడి ఆనవాయితీలో, "నన్ను నువ్వు అనమ్మా" అని పెద్దావిడ తన నోటితో అంటేనే కోడలు ఇంటి మనిషి అయినట్టు. ఆ మాట కోసం ఎలోదియా కళ్లు కాయలు కాశాయి. ఆ మాట అనకుండానే దోన్యా హసింతా కన్నుమూసింది. ఆమె గదిలో ఇప్పుడు ఒక మంచం, ఏనాడూ నోరు విప్పని ఒక మూగ చిలుక మిగిలాయి.

ఇంక అడ్డెవరు? ఎలోదియా నడుం మీద చేతులు వేసుకుని పటాన్ని పలకరించింది.

"ఏం అత్తా, ఎలా ఉన్నావు?"

కొవ్వొత్తి ఆరిపోయింది. మూసి ఉన్న ఆవిడ గదిలోంచి అచ్చం అత్తగారి గొంతు వినిపించింది.

"మీరు ఎలా ఉన్నారు?"

ఎలోదియా చెయ్యి తగిలి చాక్లెట్ కూజా భళ్లున పగిలింది. ఆ చప్పుడుకు పరుగెత్తుకొచ్చిన మొగుడు ఫెర్మిన్ బంతిపూల మీద జారి, పటంతో సహా కిందపడ్డాడు.

"అమ్మ గొంతు! ఏమన్నావే ఆవిడని?"

"ఊరికే పలకరించాను."

"ఎలా?"

"నువ్వు అని."

ఫెర్మిన్ లేవబోయినవాడల్లా మళ్లీ కూలబడ్డాడు.

పక్కింటి చోలే జపమాలతో వచ్చింది. ఆమె వెనకే వీధి వీధంతా వచ్చింది. "నా రుబ్బురాయి ఎవరికిచ్చిందో కూడా అడగండి" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అంతలో గదిలో దగ్గు వినిపించింది. దోన్యా హసింతా చివరి రోజుల్లో దగ్గిన దగ్గే అది. రుబ్బురాయి సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

"మర్యాదగా తప్పు ఒప్పుకో. లేకపోతే ఆవిడ తిరిగి వెళ్లదు" అంది చోలే.

ఎలోదియా ఆ గది తలుపుకు నుదురు ఆనించింది.

"తప్పయిపోయింది అత్తగారూ. మీరు ఎలా ఉన్నారు?"

లోపల్నుంచి ఆ గొంతే, మెల్లగా మొదలైంది.

"ఎలోదియా, ఎలా ఉన్నావమ్మా? ఇకనుంచి నన్ను నువ్వు అను." మళ్లీ దగ్గు. "ఛీ, సరిగా రాలేదు. మళ్లీ మొదట్నుంచి."

ఫెర్మిన్ తలుపు తోశాడు. గదిలో మనిషి లేదు. పంజరంలో చిలుక మెడ వంచి, ఒకసారి దగ్గి, మళ్లీ మొదలుపెట్టింది. ఎన్ని రాత్రులు తలుపేసుకుని ఆ చిలుక ముందు ఆ మాట అని చూసుకుందో ఆ పొగరుబోతు మనిషి!

ఎలోదియా బావురుమంది. "నాతో అంటే నీ సొమ్మేం పోయేది అత్తా?"

అంతవరకూ మూగగా ఉన్న చిలుక ఈ రోజే ఎందుకు మాట్లాడిందో, ఎవరూ పడుకోని ఆ మంచం మీద దిండు ఎందుకు నొక్కుకుపోయి ఉందో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అత్తగారిని మాత్రం ఎలోదియా ఆనాటి నుంచి నోరారా నువ్వు అనే అంటోంది.

చిలుకను మాత్రం ఇంటిల్లిపాదీ మీరు అంటారు.