ఇండోర్‌కు బయలుదేరిన స్టేడియం

రెండువేల ఆరో సంవత్సరం మార్చి నెలలో ఒక బుధవారం పొద్దున, కురుమూర్తి సారు పళ్ళు తోముకుంటూనే ఆ రోజంతా ఎలా జరగాలో నిర్ణయించేశాడు. పదకొండింటికి జిల్లా నుంచి ఆఫీసరు వస్తాడు. పన్నెండింటికి జనం చేతులెత్తుతారు. ఒంటిగంటకు తను ఇంటికొచ్చి అన్నం తిని కాసేపు నడుం వాలుస్తాడు. దేవుడు కూడా ఇంత పద్ధతిగా రోజును అమర్చి ఉండడు.

ఊరి పేరు మాత్రం అడక్కండి. చెబితే ఆ ఊరివాళ్ళు నొచ్చుకుంటారు. చెప్పకపోతే ఇది వనపర్తిలో జరిగిందని గద్వాలవాళ్ళు, నాగర్‌కర్నూల్లో జరిగిందని వనపర్తివాళ్ళు నవ్వుకుంటారు. ఎవరి సంతోషం వాళ్ళకు ఉండనిద్దాం. ఆ మూడు ఊళ్ళకూ బస్సులున్న ఒక చిన్న పట్టణం అనుకుంటే చాలు.

కురుమూర్తి సారు ఆ పట్టణం ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. నెలాఖరుకు రిటైరవుతాడు. బజారుకు ఆనుకొని, పాత బస్టాండు వెనక ఉన్న మైదానంలోనే ఇన్నేళ్ళూ పిల్లలకు కబడ్డీ నేర్పాడు. ఆ మైదానానికి పడమట ఒక పొట్టి గోడ ఉంది. పనిలేని మగవాళ్ళంతా పొద్దున్నే వచ్చి దాని మీద కూర్చుంటారు, పిల్లల్ని చూస్తూ కూతలు పెడతారు. దాంతో పద్నాలుగు మంది ఆటగత్తెలు కాస్తా ఐదుగురయ్యారు. ఆఖరికి కూతకు పోతే ముగ్గుర్ని తాకి వచ్చే నిరోష కూడా మానేసింది.

మానిపించింది ఆమె తండ్రి వెంకటన్న. సారు ఆరు కిలోమీటర్లు సైకిలు తొక్కి వాళ్ళ పల్లెకు పోయి బతిమాలాడు.

"సార్, నా బిడ్డను ఆడొద్దంటలేను," అన్నాడు వెంకటన్న. "గా గోడ మీదోళ్ళ ముంగట ఆడొద్దంటున్న. నాలుగు దిక్కుల నాలుగు గోడలు చూపియ్యి, నేనే తోల్కొచ్చి దింపిపోత."

ఆట లేకపోతే బడికే పోనని నిరోష అలిగింది. బడికి పోకపోతే తనతో పాటు పనికి తీసుకుపోతానన్నాడు తండ్రి. వెంకటన్న గుంపు మేస్త్రీ. ఏటా అరవై మంది కూలీలను వెంటబెట్టుకొని ఎక్కడెక్కడి డ్యాములకో, కాలువలకో పోతాడు. ఒకసారి ఆ గుంపులో కలిసిన పిల్ల మళ్ళీ బడి ముఖం చూడటం కష్టమని సారుకు తెలుసు. అందుకే రెండేళ్ళుగా అర్జీల మీద అర్జీలు పెట్టాడు. నాలుగు గోడలు, పైన కప్పు ఉన్న ఆటస్థలాన్ని సర్కారు కాగితాల్లో ఇండోర్ స్టేడియం అంటారని తెలుసుకొని, ఆ మాటే వాడాడు. ఇవాళ మైదానంలో జనం ఔనంటే స్టేడియం వస్తుంది. కాదంటే ఫైలు మూసేస్తారు.

కాదనడానికి నరేందర్ సేటు సిద్ధంగా ఉన్నాడు. మైదానం పక్కనున్న ఫంక్షన్ హాలు ఆయనదే. పెళ్ళిళ్ళ కాలంలో జీపులు, లారీలు, పెళ్ళికొడుకు గుర్రం, అన్నీ మైదానంలోనే నిలబడతాయి. స్టేడియం వస్తే గుర్రాన్ని ఎక్కడ కట్టేయాలన్నది ఆయన బాధ. పైకి మాత్రం, బజారు నడుమ ఆటలు పెడితే పిల్లల చదువులు పాడవుతాయని చెప్పుకొచ్చాడు. హాలు మీద ఆధారపడ్డ వంటవాళ్ళు, బ్యాండువాళ్ళు, పూలకొట్లవాళ్ళు, బట్టల దుకాణాలవాళ్ళు కలిసి వందమంది ఆయన వెనక ఉన్నారు.

సారు వైపు ఐదుగురు పిల్లలూ, భార్య సుగుణమ్మా. అందుకే పొద్దున ఏడింటికే బడి అటెండరు ఇస్రాయేలును పిలిచాడు.

"ఇస్రాయేలూ, వెంకటన్నకు ఫోన్ కొట్టు. ఇండోర్ స్టేడియం మీటింగు, మనుషులను తీస్కొని పదకొండుకల్లా రమ్మను. ఎంతమందైతే గంతమంది."

ఇస్రాయేలు బస్టాండులోని ఫోను డబ్బాకు పోయాడు. అతను అబద్ధం చెప్పే మనిషి కాదు. చెప్పిన మాటల్లో ఒకటి తగ్గించి చెప్పే మనిషి, అంతే. పక్కనే రాయచూరు బస్సు హారను కొడుతుంటే గొంతు చించుకుని అరిచాడు.

"మామా! ఇండోర్ స్టేడియం! మనుషులు గావాల్నంట! ఎంతమందైతే గంతమంది! పదకొండుకల్లా మైదానం కాడికి రాండ్రి!"

వెంకటన్నకు దేశపటం అంతా పనిచేసిన చోట్లుగానే గుర్తు. మూడేళ్ళ కింద ఉత్తరాదిన ఇండోర్ నగరం అవతల కాలువ తవ్వి వచ్చాడు. కాబట్టి ఆ మాటకు ఆయన లెక్కలో ఒకటే అర్థం. ఫోను పెట్టేసి వాడవాడా తిరిగాడు. శుక్రవారం షోలాపూర్‌లో పని ఉండనే ఉంది, కానీ స్టేడియం పనంటే ఎక్కువ కాలం నడుస్తుంది. "ఇండోర్‌ల జొన్నపిండి దొరకదు, ఇంకో రెండు సంచులు పెట్టుకోండ్రి," అని ఆడవాళ్ళను హెచ్చరించాడు.

పదకొండింటికి మైదానంలో షామియానా వేశారు. అది కూడా సేటు గారిదే. కింద కూర్చున్న వందమందీ సేటు మనుషులే. కురుమూర్తి సారు గడియారం చూసుకుంటూ నుదురు తుడుచుకుంటున్న సమయానికి లారీ వచ్చి ఆగింది. అరవై మంది దిగారు. వాళ్ళ వెనక మూటలు, రేకుపెట్టెలు, బిందెలు, గడ్డపారలు, గుంజలు, పరదాలు, రెండు కోళ్ళు దిగాయి. ఒక మూట మీద మొహం మాడ్చుకుని నిరోష కూర్చుంది. లారీ మాత్రం అటే వెళ్ళిపోయింది.

"గీ సామానేందిరా?" అన్నాడు సారు బిత్తరపోయి.

ఇస్రాయేలు కాసేపు ఆలోచించాడు. "మీటింగు ఎంతసేపైతదో అని తెచ్చుకున్నరేమో సార్."

ఆఫీసరు మైకు పట్టుకున్నాడు. ఎక్కడినుంచో బదిలీ మీద వచ్చినవాడు, మర్యాదస్తుడు. "ఈ ఇండోర్ స్టేడియం మీకందరికీ సమ్మతమేనా? సందేహాలుంటే మొహమాటం లేకుండా అడగండి."

వెంకటన్న భుజం మీది తువ్వాలు తీసి లేచాడు. "సమ్మతమే సార్. ఉండనీకె జాగ ఇస్తరా?"

"హాస్టలు కూడా ప్రతిపాదనలో ఉంది."

"నీళ్ళకు తక్లీబు ఉండదు గదా?"

"బోరు వేయిస్తాం."

"చిన్న పిల్లలున్నరు సార్ మాకు."

"పిల్లల కోసమే కదండీ ఇదంతా!"

ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళ కూలిబతుకులో ఏ కాంట్రాక్టరూ ఆ మాట అనలేదు. సత్యమ్మ అనే ముసలామె కొంగుతో కళ్ళు కూడా ఒత్తుకుంది.

"పొద్దుగాల ఎన్నింటికి మొదలు సార్?"

"ఐదున్నరకే. అప్పుడైతేనే ఒళ్ళు వంగుతుంది."

"గదీ నిజమే. మరి రైలు సంగతేంది?"

"జిల్లా దాటినవాళ్ళకు సర్కారే టికెట్టు కొనిస్తుంది."

"మేము జిల్లా దాటవట్టి ఇరవై ఏండ్లాయె సార్," అన్నాడు వెంకటన్న.

ఇంత చిన్న పట్టణంలో ఇంతమంది పెద్ద ఆటగాళ్ళు ఉన్నారా అని ఆఫీసరు ముక్కున వేలేసుకున్నాడు. కురుమూర్తి సారుకు ఏదో తేడాగా ఉందనిపించింది గానీ, మాటలన్నీ తన పక్షానే పడుతున్నాయి కాబట్టి నోరు మూసుకున్నాడు. ఆయన మంచివాడే, కానీ మరీ అంత మంచివాడు కాదు.

ఈలోగా నరేందర్ సేటు మెల్లగా సత్యమ్మ పక్కకు చేరాడు. "ఏడికి పోతున్నరమ్మా గిన్ని మూటలతోటి?"

"ఇండోర్‌కు సేటూ. ఆడ స్టేడియం కడ్తుండ్రట. డ్రిల్లు సారే పిలిపిచ్చిండు."

సేటు మొహం పెళ్ళిపందిరిలా వెలిగిపోయింది. స్టేడియం పీడ విరగడైందని అర్థం చేసుకొని, ఆగలేక కుర్చీ మీదికెక్కి తన వందమందికీ చెప్పేశాడు. "ఇనుండ్రి! స్టేడియం ఈడ కడ్తలేరు! ఇండోర్‌ల కడ్తుండ్రు!"

చప్పట్లు పడతాయనుకున్నాడు. ఒక్కటీ పడలేదు.

"మన స్టేడియం ఇండోర్‌కా?" అని బ్యాండు నర్సింహులు లేచాడు. "ఎవనిదిరా గీ పని?"

"వనపర్తికి ఇచ్చినా ఊకుందుము. గద్వాలకు ఇచ్చినా కడుపుల పెట్టుకుందుము," అన్నాడు బట్టల దుకాణం ఆయన. "గంత దూరమా? మనమేమన్న చచ్చినమా?"

"పైనించి మనోళ్ళనే కూలికి తీస్కపోతుండ్రు, సూడు!"

రెండేళ్ళుగా వద్దు వద్దన్న స్టేడియం, పరాయివాళ్ళకు పోయిందనేసరికి అందరికీ ప్రాణంతో సమానమైపోయింది. వందమందీ రోడ్డు మీదికి పోయారు. గద్వాల బస్సు ఆగింది, దాని వెనక వనపర్తి బస్సు, దాని వెనక నాగర్‌కర్నూలు బస్సు. "మా స్టేడియం మాకే గావాలె!" అని అరుపులు. కుర్చీ మీదున్న సేటును నలుగురు భుజాల మీదికి ఎత్తుకున్నారు. దిగి పోదామంటే దింపేవాడు లేడు. పైనుంచి నలుగురికీ కనబడుతున్నాడు కాబట్టి ఆయన కూడా పిడికిలెత్తి అరవక తప్పలేదు.

ఆఫీసరు పరుగున వచ్చి రెండు చేతులూ జోడించాడు. "స్టేడియం ఇక్కడే కావాలని మీరందరూ రాసివ్వండి. నేను పైకి పంపిస్తాను. ముందు బస్సుల్ని వదలండి."

కాగితం వచ్చింది. 'స్టేడియం మా పట్టణంలోనే, ఈ మైదానంలోనే కట్టవలెను' అని సేటు స్వహస్తాలతో రాసి మొదటి సంతకం చేశాడు. కింద వందమందీ చేశారు. బస్సుల్లోని ప్రయాణికులు కొందరు, తొందరగా కదలొచ్చని వాళ్ళు కూడా చేశారు. కాగితాన్ని మడిచి ఫైల్లో పెట్టుకున్నాక ఆఫీసరు స్థిమితపడి మైకు తీసుకున్నాడు.

"ఒక చిన్న వివరణ. ఇక్కడ ఇండోర్ అంటే ఊరు కాదండీ. లోపల అని. నాలుగు గోడల లోపల ఆడుకునే స్టేడియం అన్నమాట."

మైదానంలో కోళ్ళ చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు. సేటు చెయ్యి చాచి, "జర గా కాగితం ఇయ్యిండ్రి సార్, ఒక అక్షరం దిద్దుకుంట," అన్నాడు. ఆఫీసరు ఇవ్వలేదు. అప్పుడు సేటు ఆయన్ను మర్యాదగా చెయ్యి పట్టుకుని, భోజనం పేరుతో ఫంక్షన్ హాల్లోకి తీసుకుపోయాడు.

కురుమూర్తి సారు గెలిచాడు. ఎగిరి గంతేయాలనిపించింది. సరిగ్గా అప్పుడే వెంకటన్న వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"సార్, లారీ ఎల్లిపోయింది," అన్నాడు మెల్లగా. "ఇండ్లకు తాళాలేసి వచ్చినం. మేకలను పక్కింటి ఈరమ్మకు అప్పజెప్పి వచ్చినం. మమ్ములను చేతులెత్తనీకె పిలిచినవా?"

సారుకు సిగ్గుతో తల వంగిపోయింది. రెండేళ్ళ అర్జీలు, సంతకాలు, గెలుపు, అన్నీ ఆ అరవై మూటల ముందు చాలా చిన్నవిగా కనబడ్డాయి. "తప్పైంది వెంకటన్నా," అన్నాడు. "అట్ల చెప్పమనలే. అయినా తప్పు నాదే." ఇస్రాయేలు అప్పటికే షామియానా గుంజ వెనక నిలబడి ఉన్నాడు.

వెంకటన్న ఎండను చూశాడు, పసిపిల్లలను చూశాడు. "ఎట్లాగూ శుక్రారం షోలాపూర్ పోవాలె. రెండు దినాలు ఈడనే ఉంటం," అని గుంపు వైపు తిరిగి చెయ్యి ఊపాడు.

ఆ చెయ్యి కోసమే చూస్తున్నట్టు అందరూ కదిలారు. ఎక్కడ దిగినా గంటలో గూడు వేసుకోవడం వాళ్ళకు అలవాటైన పని. మగవాళ్ళు గడ్డపారలతో గుంతలు తీసి గుంజలు పాతారు. ఆడవాళ్ళు పరదాలు కట్టారు. అరవై మంది పడుకునేంత పెద్ద చోటు, నలువైపులా మనిషెత్తు మాటు. పడమటి వైపు మాత్రం పరదా చాలలేదు. ఒంటిగంట దాటినా మొగుడు ఇంటికి రాలేదని సద్ది పట్టుకొచ్చిన సుగుణమ్మ ఆ సందును చూసింది. అవతల గోడ మీద వరసగా కూర్చున్న మగవాళ్ళనూ చూసింది. మళ్ళీ ఇంటికి పోయి తన పాత గద్వాల చీరలు రెండు తెచ్చి తనే కట్టింది.

నిరోష ఒళ్ళో బిందె పెట్టుకొని ఇదంతా చూస్తూ ఉంది. మెల్లగా లేచి లోపలికి తొంగి చూసింది. తిరిగి తండ్రి వైపు చూసింది.

వెంకటన్న మేస్త్రీ కాబట్టి, ముందు గుంజలను ఒక్కొక్కటే ఊపి చూశాడు. తర్వాత నాలుగు దిక్కులూ తిరిగి, బయటినుంచి ఏమైనా కనబడుతుందేమో వంగి చూశాడు. గోడ మీదివాళ్ళను కూడా ఒకసారి చూశాడు. అప్పుడన్నాడు, "పో బిడ్డా."

ఆ పిల్ల బిందెను అక్కడే వదిలేసి పరుగెత్తింది. మిగతా ఐదుగురూ వెనకే పోయారు. గుంపులోని ఆడపిల్లలు నలుగురు మేము కూడా అన్నారు. కాసేపటికి పరదాల లోపలినుంచి "కబడ్డి కబడ్డి కబడ్డి" అని నిరోష కూత గుక్క తిప్పుకోకుండా వినబడింది. కురుమూర్తి సారు ఈల ఊదబోయి, కళ్ళు తుడుచుకున్నాడు. గోడ మీదివాళ్ళు మెడలు సాచి సాచి చూశారు. "థూ, ఏం కనవడ్తలే," అని ఒకడు దిగిపోయాడు. ఒక్కొక్కరే మిగతావాళ్ళూ దిగిపోయారు.

ఫంక్షన్ హాల్లో బ్రహ్మాండంగా భోంచేసి, మూడింటికి స్థలం కొలవడానికి ఆఫీసరు వచ్చాడు. ఆ స్థలంలో ఇప్పుడు ఏముందో పూరించాల్సిన ఫారం ఒకటి ఇంకా చేతిలో ఉంది. "ఇదేమిటయ్యా?" అని బయట నిలబడ్డ ఇస్రాయేలును అడిగాడు.

పొద్దున చేసిన పొరపాటును ఎలాగైనా దిద్దుకోవాలని ఇస్రాయేలు తహతహలాడుతున్నాడు. ఆ మాటకు అర్థం కూడా అప్పుడే నేర్చుకున్నాడు. "ఇండోర్ స్టేడియం సార్," అన్నాడు గర్వంగా. "లోపల ఆడుతుండ్రు."

లోపల ఈల ఊదుతున్న సారుకు ఇది వినబడలేదు. పక్కనున్న నరేందర్ సేటుకు వినబడింది. "అవును సార్, అక్షరాలా నిజం. గట్లనే రాసుకోండ్రి," అన్నాడు.

శుక్రవారం గుంపు షోలాపూర్ పోయింది. అక్కడ కొత్త పరదాలు ఇస్తారులెమ్మని వెంకటన్న పాతవాటిని అలాగే వదిలేశాడు. నిరోషను కూడా వాళ్ళ అవ్వ దగ్గర వదిలేశాడు. సోమవారం ఆ పిల్ల బడికి వచ్చింది. వారం తిరిగేసరికి ఆటగత్తెలు పన్నెండుమంది అయ్యారు.

నెలాఖరున, కురుమూర్తి సారు రిటైరయ్యే రోజున పైనుంచి జవాబు వచ్చింది. సారు దాన్ని పరదాల లోపలే నిలబడి, పిల్లల కూతల మధ్య రెండుసార్లు చదివాడు. 'మీ పట్టణమందు ఇండోర్ స్టేడియం ఇదివరకే ఉన్నట్లు విచారణలో తేలినందున, రెండవది మంజూరు చేయుటకు వీలుపడదు. ఉన్న స్టేడియం గోడలను ఎప్పటికప్పుడు శుభ్రపరచి, తగిన స్థితిలో ఉంచవలెను.'

సుగుణమ్మ కాగితం తీసుకుని తనూ చదివింది. సర్కారు చెప్పింది సబబేనంటూ, ఆట ముగియగానే పడమటి గోడను విప్పి ఉతకడానికి ఇంటికి పట్టుకుపోయింది.