పెరట్లో దిగిన గుంజ

ఆ మంగళవారం పొద్దున వెర్లన్ కూబిచెక్ పెద్ద పనులేవీ పెట్టుకోలేదు. ఆవులకు ఎండుగడ్డి వేసి, ఊళ్ళోకి వెళ్ళి, భార్య అర్లీన్‌కు పండ్ల గుజ్జు నింపిన వేడివేడి కొలాచీ రొట్టెలు తేవాలనుకున్నాడు. బూట్లు వేసుకుని పెరట్లోకి వచ్చేసరికి వంటింటి కిటికీకి పది అడుగుల దూరంలో ఒక గుంజ పాతి ఉంది. దాని నెత్తిన నారింజ రంగు రిబ్బను గాలికి ఊగుతోంది.

రైలువాళ్ళ పనే అనుకున్నాడు వెర్లన్. డల్లాస్ నుంచి హ్యూస్టన్‌కు గంటన్నరలో దూసుకుపోయే రైలు వేస్తామని, కొలతలవాళ్ళు వచ్చి రంగు రిబ్బన్ల గుంజలు పాతుతారని చలికాలంలోనే ఉత్తరం వచ్చింది. ముత్తాత దున్నిన నేల. ఆ రోజు నుంచి అతను కళ్ళు మూస్తే చాలు, రైలు వంటింట్లోంచే దూసుకుపోతోంది.

అర్లీన్ చూస్తే తట్టుకోలేదనుకున్నాడు. అటూ ఇటూ చూసి గుంజ పీకేశాడు. దాన్ని ఎక్కడ దాచాలో తోచక, కంచె దాటి బావమరిది డెల్బర్ట్ బీడు పొలంలో పాతేసి, దొంగలా ఇంటికొచ్చాడు.

గంట తిరక్కుండా ఫోను మోగింది.

"బావా! కొంప మునిగింది. నా బీడులో గుంజ దిగింది!" అని డెల్బర్ట్ అరిచాడు.

"అ... అయ్యో. ఇప్పుడెలా?"

"ఏముంది, పీకి తీసుకెళ్ళి చర్చి స్మశానంలో పాతేశా. ఆ రైలోళ్ళు దేవుడితోనే తేల్చుకుంటారు. ఎవరికీ చెప్పకు బావా, నీకు దణ్ణం పెడతా."

వెర్లన్ ఎవరికి చెప్పగలడు? కాసేపటికే చర్చి గంట ఆగకుండా మోగింది. వెళ్ళకపోతే అనుమానిస్తారని వెళ్ళాడు. జేబులో ఫోను మోగుతూనే ఉంది, చేసేది అర్లీనే; తీయడానికి చెయ్యి రాలేదు. నలభైమంది అప్పటికే తమ బండ్లను దారికి అడ్డంగా నిలిపారు. ఇద్దరి చేతుల్లో తుపాకులున్నాయి. గుంజ సరిగ్గా ఒటిలీ భర్త ఆల్విన్ సమాధి పక్కన నిలబడి ఉంది.

"బతికినన్నాళ్ళూ రైలు కూత వింటేనే దడుచుకునేవాడు మా ఆయన. ఇప్పుడు గుండెల మీదే నడిపిస్తారా?" అని ముసలి ఒటిలీ ఏడుస్తోంది.

"ఈ గుంజ పాతినవాడు దొరకాలి, చెబుతా!" అన్నాడు తుపాకులున్నవాళ్ళలో ఒకాయన.

వెర్లన్ మెల్లిగా ఒక బండి వెనక్కి జరిగాడు. డెల్బర్ట్ టోపీని కళ్ళ మీదికి లాక్కున్నాడు.

అంతలో దుమ్ము రేపుకుంటూ ఒక బండి వచ్చింది. తుపాకులు లేచాయి. అందులోంచి మోకాళ్ళ దాకా బురదతో అర్లీన్ దిగింది. అందరినీ తోసుకుంటూ నేరుగా సమాధి దగ్గరికి నడిచింది.

"ఇదిగో నా గుంజ! ఇక్కడికెలా వచ్చింది?"

"అక్కా! నువ్వు రైలోళ్ళ మనిషివా?" డెల్బర్ట్ కేకపెట్టాడు.

"ఏ రైలురా? అది మా సెప్టిక్ ట్యాంకు మూత గుర్తు! పొద్దున్నే శుభ్రం చేసే లారీ వస్తుందని నిన్న నేనే పాతా. గుమ్మడికాయల పండక్కి కొన్న రిబ్బను కూడా కట్టా. లారీవాడు గుర్తు కనపడక నేరుగా మూత మీదికే వెనక్కి నడిపాడు. వెనక చక్రాలు రెండూ ట్యాంకులో ఉన్నాయి. ఇక ఇంట్లో కంపు సంగతి చెప్పక్కర్లేదు."

ముందు డెల్బర్ట్ కళ్ళు మెల్లిగా బావ వైపు తిరిగాయి. వాటి వెంట నలభైమంది కళ్ళూ తిరిగాయి.

ఇంటికి చేరేసరికి లారీ ముందు చక్రాలు గాల్లో ఉన్నాయి. డ్రైవరు ముక్కుకు గుడ్డ కట్టుకుని కంచె మీద కూర్చున్నాడు. ఆవులు పొలం అవతలి మూలకు వెళ్ళి గుమిగూడాయి.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అని వెర్లన్ గొణిగాడు.

"రాత్రి అన్నం దగ్గర చెప్పా. ఊఁ అన్నావు. నీ చెవులెక్కడున్నాయయ్యా?"

"భయమేసింది అర్లీన్. రైలొచ్చి మన ఇల్లు పట్టుకుపోతుందనుకున్నా."

అర్లీన్ ముక్కు మూసుకుని ఇంటివైపు చూసింది.

"అదే వచ్చుంటే నయమే, టికెట్టు కొనుక్కుని నేనన్నా పోయేదాన్ని."