గాల్లో ఉండగా ఒక ఫొటో

ఆ ఆదివారం ఉదయం మామగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం మైదానానికి వెళ్ళాలి, హైజంప్ చేసే కోడలు గాల్లో ఉండగా ఒక ఫొటో తీయాలి, భోజనాల వేళకి ఇంటికి రావాలి. కోడలు వచ్చేవారం వ్యాయామశాల తెరుస్తోంది. ఆమెకున్న ఫొటోలన్నీ మెడలో పతకంతో నేలమీద నిలబడి తీయించుకున్నవే. గోడకి మాత్రం గాల్లో ఉన్నది కావాలని అడిగింది.

ఫోన్‌లో తీస్తే సరిపోతుంది కదా అన్నాడు కొడుకు. ఫోన్ల దెబ్బకి స్టూడియో మూసేసుకున్న మనిషికి ఆ మాట పుండు మీద కారం చల్లినట్టయింది. రీలు కెమెరాతోనే తీస్తానని, ఫొటో రాకపోతే కెమెరాని బీరువాలో పెట్టి తాళంచెవి కొడుకు చేతికిచ్చేస్తానని అందరి ముందూ శపథం చేసేశారు. చేశాక ఫ్రిజ్‌లో వెతికితే ఉన్నది ఒక్కటే రీలు, అదీ మంచి ఎండలో తప్ప పనికిరాని రకం. ఆ సంగతి ఆయన కడుపులోనే దాచుకున్నారు.

మైదానంలో కెమెరాని స్టాండుకి బిగించి అడ్డకర్రకి గురిపెట్టారు. దాన్ని మోసే రెండు స్తంభాల్లో ఒకటి ఊగుతోంది.

"రెండు చేతులా పట్టుకో," అన్నారు కొడుకుతో. "నేను చెప్పేదాకా కదిలావంటే ఊరుకోను."

కొడుకు ఫోన్ జేబులో పెట్టుకుని దిగులుగా నిలబడ్డాడు. పెళ్ళయిన నాలుగేళ్ళలో తను దూకుతుంటే భర్త ఒక్కసారైనా ఫోన్‌లోంచి తలెత్తి చూడలేదని కోడలి ఫిర్యాదు.

పొడవాటి లెన్సునీ నెరిసిన గడ్డాన్నీ చూసి, కోచ్ ఈయన పేపరు నుంచి వచ్చారనుకున్నాడు. పేపరువాళ్ళ ముందు ఇంత తక్కువ ఎత్తేమిటని అడ్డకర్రని పైకి జరిపాడు. దూకుదూకుకీ జరుపుతూనే ఉన్నాడు. అది చూసి ఇదేదో సెలక్షన్ అనుకుని పరుగు సాధన చేసేవాళ్ళు గుమిగూడారు. జనాన్ని చూసి, గేటుకి తాళం వేయాల్సిన కాపలాదారు కుర్చీ తెచ్చుకున్నాడు. అంతమంది చప్పట్లు కొడుతుంటే ఇక చాలని చెప్పడానికి కోడలికి నోరు రాలేదు. నిజం చెప్పాలని మామగారికీ అనిపించలేదు. చప్పట్లలో సగం తనకేనని ఆయన నమ్మకం.

ఒక కన్ను మూసి రెండో కన్ను కెమెరాకి ఆనించాక లోకం మెత్తబడిపోయింది. కోడలు పరుగెత్తుకొస్తుంది, వంపు తిరుగుతుంది, వెల్లకిలా గాల్లోకి లేస్తుంది. అక్కడ ఒక్క క్షణం ఆమెకి బరువుండదు, ఆయనకి వయసుండదు. వస్తున్నప్పుడొకటి, పైనున్నప్పుడొకటి, మీట తిప్పుతూ నొక్కుతూనే ఉన్నారు. వెలుతురు నీలంగా మారి పలచబడుతోందని తెలుస్తున్నా ఆపబుద్ధి కాలేదు. ముప్పై ఆరు ఫొటోల రీలుకి కెమెరా ముప్పై ఏడు చూపించింది. ఒకటీ అరా ఎక్కువ రావడం మామూలే. నలభై చూపించేసరికి ఏదో తేడా జరిగిందని అర్థమై ఆయన మీట వదిలేశారు.

ఇంటికొచ్చి స్నానాలగదిలో చీకటి చేసుకుని, కెమెరా తెరిచి చేత్తో తడిమి చూశారు. రీలుని ముందుకి జరిపే అంచు కన్నాలు చిరిగిపోయాయి. మొదటి ఫొటో దగ్గరే ఇరుక్కుపోయి అది అంగుళం కూడా కదల్లేదు. నలభై ఫొటోలూ ఒకదాని మీద ఒకటి ఒకే చోట పడ్డాయి. ఆయనకి ఏడుపొచ్చింది, కాసేపు ఏడ్చారు కూడా.

మర్నాడు మనసొప్పక ఆ రీలే కడిగి, ప్రింటు వేసి చూసి కళ్ళజోడు తుడుచుకున్నారు. విడివిడిగా తీస్తే నల్లగా పోవాల్సిన మసక వెలుతురు, నలభైసార్లు పేరుకుని సరిగ్గా సరిపోయింది. పెరుగుతూ పోయిన అడ్డకర్ర నిచ్చెన మెట్లలా ఉంది. దాని మీదుగా తెల్లటి పొగలాంటిది వంపు తిరిగి పారుతోంది. అది కోడలు. ముఖం లేదు, కాళ్ళు లేవు. స్పష్టంగా ఉన్నది కొడుకు ఒక్కడే, చొక్కా బొత్తాలతో సహా. స్తంభాన్ని కావలించుకుని, నోరు తెరుచుకుని, ఆ పొగవైపే తలెత్తి చూస్తున్నాడు.

మామగారు ఫొటోనీ, కొడుక్కి ఇస్తానన్న బీరువా తాళంచెవినీ తెచ్చి కోడలి ముందు పెట్టారు.

"ఇందులో నువ్వు రాలేదమ్మా. వీడొచ్చాడు."

ఆమె ఫొటో చేతిలోకి తీసుకుంది. చూపంతా భర్త ముఖం మీదే ఉంది.

"నేను దూకినప్పుడల్లా ఈయన చూశారా మామయ్యా?"

"మాటిమాటికీ తల దించుకుని ఉంటే ముఖం చెరిగిపోయేదమ్మా."

ఆమె తాళంచెవి తీసి ఆయన జేబులోనే వేసింది. గోడకి ఇదే పెడదామంది.

వ్యాయామశాలకి వచ్చేవాళ్ళంతా ఇప్పుడు ఆ ఫొటో ముందు ఆగి, స్తంభం పట్టుకున్న చాంపియన్ ఎవరని అడుగుతుంటారు. కొడుకు ఇంతవరకూ ఎవరికీ తను చాంపియన్ కాదని చెప్పలేదు.