థైరాయిడ్ మాత్ర వల్ల మా మండీకి జరిగిన మేలు

థైరాయిడ్ మాత్రను ఎవరైనా తిడితే నేను ఊరుకోను. ఆదోనిలో పత్తి మండీ నడిపే ప్రతి ఇంట్లో ఒక్క ఆడమనిషికైనా థైరాయిడ్ రావాలనీ, వచ్చాక మాత్ర డోసు కాస్త ఎక్కువే పడాలనీ నా కోరిక.

సైడ్ ఎఫెక్ట్స్ ఉంటాయంటారు. నిద్ర పట్టదట. పట్టకపోతే నష్టమేమిటి? నిద్రపోయి ఎవరు బాగుపడ్డారు?

మా ఇంటి సంగతే చూడండి. మా ఆయన గోవిందయ్యది మార్కెట్ యార్డు దగ్గర మండీ. ఆస్పరి వైపు రైతులు ముందు రోజే పత్తి తెచ్చి, దాని మీదే పడుకుంటారు. తెల్లారేసరికి మా ఇంటి నుంచి వాళ్ళకు ఉగ్గాని, బజ్జీలు పోవాలి. రైతు కడుపు నిండితే సరుకు పక్క మండీకి పోదని మా మామగారు పెట్టిన ఆచారం అది. ఆచారం మామగారిది, మండీ మా ఆయనది, బొరుగులు నానబెట్టి పిండే చేతులు నావి.

మాత్ర పరగడుపున వేసుకోవాలి. గంట దాకా కాఫీ ముట్టకూడదు. ఆ గంట ఊరికే కూర్చోవడం పాపం కదా? మిరపకాయలు చీల్చుకోవచ్చు. “మా కోడలికి అలుపనేదే ల్యాదు” అని అత్తగారు తులసమ్మ వీధంతా చెప్పుకుంది.

ఒళ్ళంతా చెమటలు పోసేవి. చలికాలంలో ఇంట్లో ఒక దుప్పటి మిగిలింది. జుట్టు రాలింది, జడ వేసుకునే సమయం కలిసొచ్చింది. చేతులు వణికేవి. వణికే చేత్తో చల్లితే ఉగ్గానికి ఉప్పు అన్ని వైపులా సమంగా పడుతుంది. కావాలంటే చేసి చూడండి!

ఎమ్మిగనూరులో ఉండే మా ఆడపడుచు ప్రేమలతకైతే అసూయ పుట్టింది. “ఏం తింటాండావు వదినా, ఇంత సన్నగైనావు? ఆ మాత్రలు నాకూ రెండియ్యి” అంది.

గుండె దడ ఒక్కటే కొంచెం చిక్కు. పడుకుంటే దాని చప్పుడు చెవుల్లో వినిపించేది. భయం వేసేది, అబద్ధమెందుకు? ఒకసారి రక్తపరీక్ష చేయిద్దామని మా ఆయనను చాలాసార్లు అడిగాను.

“నడిసే అంగడిని కదిలించగూడదే. మాత్ర బాగా పని చేస్తాంది కదా. సీజన్లో నాకు యాడ తీరుతాది?” అన్నాడు. వ్యాపారం తెలిసినవాడి మాట. అదే మాత్ర, అదే డోసు వరసగా తెచ్చిపెట్టాడు.

పోయిన నెల ప్రేమలత కూతురి సీమంతానికి ఎమ్మిగనూరు వెళ్ళాను. హారతి పళ్ళెం పట్టుకున్నానో లేదో, నా చేతుల వణుకుకు అందులోని కుంకుమ భరిణె గలగలలాడింది. ముత్తయిదువలంతా పాట ఆపి నన్నే చూశారు. ప్రేమలత పళ్ళెం అందుకుంది. ఆ సాయంత్రమే నన్ను డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. “నాకొద్దులే వదినా ఆ మాత్ర” అంది దారిలో.

రక్తపరీక్ష రిపోర్టు చూసి డాక్టరమ్మ, డోసు బాగా ఎక్కువైందనీ, ఇలాగే సాగితే గుండెకు ముప్పనీ, వెంటనే తగ్గించాలనీ చెప్పింది. అక్కడి నుంచే మా ఆయనకు ఫోన్ చేశాను. స్పీకర్ ఆన్‌లో ఉందని ఆయనకు తెలియదు.

“పత్తి సీజన్ అయిపోయినంక తగ్గిస్తే కాదా, అడుగు” అన్నాడు.

డాక్టరమ్మ ఆ రోజే తగ్గించింది. కొన్ని వారాలకు చేతులు కుదురుకున్నాయి, గుండె నెమ్మదించింది. ఒకరోజు కళ్ళు తెరిచేసరికి మంచం మీద ఎండ పడుతోంది. ఆ మర్నాడూ అంతే. మండీలో రైతులు బజ్జీల కోసం చూసి చూసి పక్క మండీవాళ్ళ టీకి పోయారట.

ఆ వారంలోనే మా ఆయనకు తీరిక దొరికింది. నిండు సీజన్లో మండీ వదిలి, తానే ఎమ్మిగనూరు బస్సెక్కి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. కొత్త డోసుకు సైడ్ ఎఫెక్ట్స్ మరీ ఎక్కువగా ఉన్నాయని మొరపెట్టుకున్నాడు. తోడు వెళ్ళిన ప్రేమలత నాకు చెప్పింది.

“ఆమెకు ఇప్పుడేమి ఇబ్బంది?” అని అడిగిందట డాక్టరమ్మ.

“ఆమెకేం ల్యాదు తల్లీ, హాయిగా నిద్రపోతాంది” అన్నాడట.