ఇరవయ్యో సైటేషన్

షామీర్‌పేట దగ్గరి మా జీవశాస్త్ర పరిశోధనా సంస్థ జూలై మొదటి తేదీన ఒక చరిత్రాత్మక ప్రకటన చేసింది. కొత్త డైరెక్టరయ్యేవారికి హెచ్-ఇండెక్స్ ఇరవై ఉండి తీరాలి. గడువు సెప్టెంబరు నెలాఖరు. దాన్ని నోటీసు బోర్డుకు అంటించింది ఆఫీసు గుమాస్తానైన నేనే కాబట్టి, ఆ చరిత్రలో నాకూ కొంచెం భాగముంది.

హెచ్-ఇండెక్స్ ఇరవై అంటే, మనం రాసిన ఇరవై పేపర్లు ఒక్కొక్కటీ కనీసం ఇరవైసార్లు ఇతర పేపర్లలో ప్రస్తావనకు వచ్చి ఉండాలి. ఆ ప్రస్తావననే సైటేషన్ అంటారు. మా మాలిక్యులర్ బయాలజీ విభాగాధిపతి ఫణిభూషణ్ గారివి పందొమ్మిది పేపర్లు గట్టెక్కాయి. ఇరవయ్యోదానికి ఒక్క సైటేషన్ తక్కువ. వరిలో ఒక జన్యువును మారిస్తే ఇరవై రోజులు నీళ్ళు లేకపోయినా మొక్క బతుకుతుందని నిరూపించిన పేపరది.

ఇన్నాళ్ళూ ఇలాంటి కొరత వస్తే సార్ ఇంకో పేపరు రాసి, అందులో తన పాత పేపరును తానే గౌరవించుకునేవారు. ఈసారి సొంత సైటేషన్లు చెల్లవన్నారు. పైగా విభాగంలో ఎవరు పేపరు రాసినా దాని మీద సార్ పేరుంటుంది. ప్రయోగాల రసాయనాలుండే ఫ్రిజ్ తాళంచెవి సార్ దగ్గరుంటుంది మరి. కాబట్టి మావాళ్ళు ఎవరు ప్రస్తావించినా అది సొంతమే అవుతుంది.

కబురు తెలిసి లాల్‌గడి మలక్‌పేట్ నుంచి మల్లేశం గారు వచ్చారు. పార్టీ మండలాధ్యక్షులు, మా సలహా సంఘంలో ప్రజల ప్రతినిధి. నేల మీద ఆయనకున్న ప్రేమ చెప్పనలవి కాదు. ఉన్నదంతా ప్లాట్లు చేశారు. సార్ ఫొటోతో 'డైరెక్టర్స్ ఎన్‌క్లేవ్' బ్రోచర్లు కూడా అచ్చయిపోయాయి.

"ఏంది సార్, ఒక్కటే తక్కువనా? మొన్న ఎలచ్చన్ల మూడొందల ఓట్లు తక్కువైతే పొద్దుగూకేసరికి తెచ్చిన."

"ఇవి ఓట్లు కావండీ మల్లేశం గారూ. సైంటిస్టులే ఇవ్వాలి."

"ఇయ్యనీ. ఏ పార్టోళ్ళు వాళ్ళు?"

వారం తిరక్కుండా తీర్మానం వచ్చింది. సార్ వరి పేపరుకు అత్వెల్లి యువజన సంఘం ఏకగ్రీవంగా సైటేషన్ ఇచ్చింది. నలభై రెండు సంతకాలు, తొమ్మిది వేలిముద్రలు. నేను రిజిస్టర్లో ఎక్కించి సెలెక్షన్ కమిటీకి పంపాను. ఫార్మాట్‌లో లేదని తిప్పి పంపారు.

అప్పుడు నవ్యశ్రీ ముందుకొచ్చింది. నాగారం నుంచి రోజూ బస్సులో వచ్చే రీసెర్చ్ స్కాలర్. పేపరు అచ్చయితే గానీ ఆమెకు పిహెచ్‌డీ రాదు. స్కాలర్‌షిప్ మార్చిలోనే ఆగిపోయింది.

"సార్, నా పేపర్లో మీ వరి పేపరును ప్రస్తావించాను."

సార్ లేచి నిలబడ్డారు. "ముందే చెప్పొద్దూ అమ్మా! ఎక్కడది?"

"మీ టేబుల్ మీదే సార్. ఎనిమిది నెలలుగా టీ ఫ్లాస్కు కింద ఉంది."

"దాని మీద నా పేరుందా?"

"మొదటి పేరు మీదే సార్."

"తీసెయ్."

మా సంస్థలో అంతటి త్యాగం అంతకుముందెవరూ చూడలేదు.

"ఒకసారి చదవండి సార్. మీ ఫలితం గురించి కొంచెం వేరేగా రాయాల్సి వచ్చింది."

"చివర రిఫరెన్సుల్లో నా పేపరుందా, లేదా?"

"ఉంది సార్."

"ఇంక చదవడానికేముంది?" అని సార్ అనుమతి పత్రం మీద సంతకం పెట్టారు.

సెప్టెంబరు ఇరవయ్యారున పేపరు వెలువడింది. సార్ డైరెక్టరయ్యారు. నవ్యశ్రీ పిహెచ్‌డీ ఫైలు కదిలింది. సన్మానానికి ముందురోజు మల్లేశం గారు నా టేబుల్ దగ్గరికి వచ్చారు.

"బిడ్డా, సార్ గురించి గా పేపర్ల ఏం రాసిండ్రో గా ముక్క రాసియ్యి. స్టేజీ ఎనక పెద్దగ పెట్టిస్త."

"అన్నా, గది ఇంగ్లీషుల ఉన్నది."

"ఇంగ్లీషే ఉండాలె. వజన్ ఉంటది."

"ఎవరితోనన్న ఒకపారి సదివిచ్చుకోరాదే?"

"నువ్వు పరేషాన్ గాకు. రాసియ్యి జల్దీ."

చూసి రాసేటప్పుడు సొంత మాట కలపకూడదని మా ఊరి బడిలో నేర్పారు. ఒక్క అక్షరం పోకుండా రాసిచ్చాను.

మర్నాడు వేదిక వెనక ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద ఆ వాక్యాలు బంగారు రంగులో మెరిశాయి. తెలుగులో చెప్పాలంటే: "ఫణిభూషణ్ చెప్పిన పద్ధతిలోనే ప్రయోగాన్ని పదకొండుసార్లు చేశాం. ఒక్కసారి కూడా మొక్క బతకలేదు."

ముందు వరసలోని సెలెక్షన్ కమిటీ వారు కళ్ళజోళ్ళు సర్దుకుని దాన్ని చదివారు. చదివి, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

శాలువాతో సార్ వెనక్కి తిరిగారు. మొదటి నుంచి చివరిదాకా నిదానంగా చదివారు. నవ్యశ్రీ నా చేయి గట్టిగా పట్టుకుంది. సార్ మల్లేశం గారిని దగ్గరికి పిలిచారు.

"అంతా బాగుంది గానీ మల్లేశం గారూ, నా పేరుకి ముందు డాక్టర్ అని లేదేం?"

"ఫొటోలు దిగేలోపు స్టిక్కర్ కొట్టిస్త సార్."