రొమాంటిక్ యుగానికి పన్నెండు పాయింట్లు

ఇంగ్లీషు కవిత్వాన్ని బతికిస్తున్నది కవులు కాదండీ, గైడు! కావాలంటే మా రాజమండ్రి వచ్చి ఏ బి.ఏ. విద్యార్థినైనా ఆపి అడగండి. 'రొమాంటిక్ యుగం, దాని చారిత్రక నేపథ్యం' అనగానే పన్నెండు పాయింట్లు ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేస్తాడు. పాపం, ఆ యుగపు కవులకు ఇన్ని పాయింట్లు తెలుసంటారా?

ఆ గైడు రాసిన మహానుభావుణ్ణి నేనే. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడి ఓ ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్ని. దానికోసం ఎన్ని గ్రంథాలు తిరగేశానని అడుగుతారా? ఒక్కటే. అంతకుముందున్న గైడు!

నా చేతికి ఏ గైడూ రాని రోజుల్లో ఈ పాఠం చెప్పాలంటే పద్యాలు చదవాల్సి వచ్చేది. ఒక్క పద్యం పట్టుకుంటే వారం గడిచిపోయేది. మధ్యలో పిల్లలు కిటికీలోంచి గోదావరి వైపు చూస్తూ కూర్చునేవారు. ఎంత టైము వేస్టు!

ఇప్పుడా బాధ లేదు. ఫ్రెంచి విప్లవానికి అయిదు లైన్లు, పారిశ్రామిక విప్లవానికి అయిదు, ప్రకృతి ఆరాధనకు నాలుగు. ఊహాశక్తికి మూడే. అంతకు మించి ఊహిస్తే మార్కులు పోతాయి. సైడు హెడింగులు స్కెచ్‌పెన్నుతో రాసి కింద రెండు గీతలు కొడితే, పేపరు దిద్దేవాడు ఆ గీతలు లెక్కపెట్టుకుని మార్కులేసి ఇంటికెళ్ళిపోవచ్చు.

నా గైడులో ఒక చిన్న అచ్చుతప్పు దొర్లిన మాట నిజం. 1789లో వచ్చిన ఫ్రెంచి విప్లవం 1798లో వచ్చినట్టు పడింది. సరిచేద్దామంటే పబ్లిషరు అచ్చిబాబుగారు గాభరాపడ్డారు.

"ఇప్పుడు మారిస్తే పాత గైడు కొన్నోళ్ళు ఏమైపోతారండి? రెండు జిల్లాల పిల్లలూ అదే రాస్తున్నారండి. అలవాటైపోయిందండి" అన్నారు.

న్యాయమే కదా! అంత పెద్ద విప్లవం, ఓ తొమ్మిదేళ్ళు ఆగి వస్తే ఎవరి సొమ్మేం పోయింది?

మూడేళ్ళ క్రితం ప్రీఫైనల్ పరీక్షలో మా ఫైనలియర్ క్లాసులో అరవై నాలుగు మందికి అరవై ముగ్గురు 1798 అనే రాశారు. ఒక్క హేమశ్రీ 1789 అని రాసింది. ప్రజాస్వామ్యం కోసం వచ్చిన విప్లవం కాబట్టి ఓటింగులో మెజారిటీనే గెలిపించాను. ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేశాను.

తప్పు అక్కడితో ఆగిందా? ఆ పిల్ల ఒక్క సైడు హెడింగూ పెట్టలేదు. వచ్చీరాని ఇంగ్లీషులో ఏదేదో సొంతంగా రాసేసింది. మిల్లులు వచ్చాక ఆ దేశంలో పొలాల్లో జనం పలచబడ్డారట. పల్లెలు ఖాళీ అవుతుంటే కవులకు వాటి మీద బెంగ పుట్టిందట. వాళ్ళమ్మ చిట్టెమ్మ కడియం నర్సరీలో రోజంతా సంచుల్లో మట్టి నింపుతుందట. పూలను చూసే తీరిక ఆమెకు లేదట. అయినా సాయంత్రం ఇంటికెళ్తూ, ఎవరూ కొనక గట్టు పక్కన పారేసిన మొక్క ఒకటి పూసిందని ఆగి చూసిందట. అలా ఆగిన అమ్మను చూశాక, ఆ కవులు చెప్పిన ఆశ్చర్యమేమిటో తనకు అర్థమైందట.

పన్నెండు పాయింట్లలో ఇది ఎన్నో పాయింటండీ? ఎంత వెతికినా దొరకలేదు. ఇరవైకి రెండు మార్కులేశాను, పిల్ల తప్పింది. ప్రీఫైనల్ తప్పితే అసలు పరీక్షకు పంపకపోవడం మా కాలేజీ రూలు. కబురు పెడితే, మర్నాడు పని మానుకుని చిట్టెమ్మ వచ్చింది. గోళ్ళలో మట్టి ఇంకా పోలేదు.

"మా పిల్ల ఏం తప్పు రాసిందండి?"

"తప్పని కాదమ్మా. గైడులో లేదు."

"అయితే ఇకమీదట అందులో ఉన్నదే రాత్తాదండి. ఈ ఒక్కసారికీ పరీచ్చకి పంపించండి బాబూ."

దయగలవాణ్ణి కదా, పంపించాను. హేమశ్రీ గైడు మొత్తం బట్టీపట్టింది. ఫస్టుక్లాసులో పాసై యూనివర్సిటీలో ఎమ్మే సీటు తెచ్చుకుంది. గైడు మహిమ చూశారా!

మొన్న ఎమ్మే కూడా పూర్తిచేసి, ఓ గులాబీ మొక్క తీసుకుని మా ఇంటికొచ్చింది. ఏదో కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చిందట. అక్కడి పిల్లలకు నా గైడే చెబుతుందట. నాకెందుకో మనసాగలేదు.

"అప్పుడు మీ అమ్మ గురించి రాశావు చూడు, మళ్ళీ అలాంటిదేమైనా రాశావా?" అని అడిగాను.

"లేదండి సార్. దానికి మార్కులు రావు కదండి" అంది నవ్వుతూ.

"ఫ్రెంచి విప్లవం ఎప్పుడొచ్చిందమ్మా?"

"1798 అండి."

తడుముకోలేదు. ఇంతకంటే ఒక గైడుకు ఏం విజయం కావాలి చెప్పండి!

ఆ ప్రీఫైనల్ పేపరు నా బీరువాలోనే ఉంది. అప్పుడప్పుడు తీసి చూస్తుంటాను. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, ఈ ఇరవై రెండేళ్ళలో నేను చివరిదాకా చదివిన జవాబు అదొక్కటే. దానికి నేనేసింది రెండు మార్కులు.